మా వదిన బస్సులో మోగని డబ్బా

మా వదిన బస్సు నడుపుతుంది. ఎంత నిదానంగా నడుపుతుందంటే, నున్నగా గడ్డం గీసుకుని ఎక్కిన మనిషి దిగీదిగగానే మంగలిని వెతుక్కోవాలి. ఒకసారి ముందు తలుపులోంచి దిగి, రోడ్డు పక్కన టీ తాగి, వెనక తలుపులోంచి మళ్లీ అదే బస్సు ఎక్కిన మగాడు ఒకడున్నాడు. ఆ ఒకడు నేనే. టీ వేడిగా ఉంటే ఊదుకుని మరీ తాగాను.

డిపోలో ఆమె పేరు నత్తక్క. పెట్టింది రాకెట్టు. రాకెట్టంటే మా డిపోలోనే ఇంకో డ్రైవరు. అతని బస్సు ముందు చేరుతుంది, దాని నీడ తరవాతి ట్రిప్పులో వస్తుంది. ఆ పేరు పెట్టిన రోజు వదిన కోపగించుకోలేదు. నత్త గుద్ది చచ్చినవాణ్ని ఒక్కణ్ని చూపిస్తే పేరు మార్చుకుంటానంది. రాకెట్టు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

నేను అదే డిపో వర్క్‌షాపులో కరెంటు పని చేస్తాను. బస్సులో వెలిగేది, మోగేది, తిరిగేది ఏదైనా నా చేతి మీదుగా పోవాల్సిందే. చదువు మధ్యలో ఆపేశాను. ఆపేశానని నేనంటాను, బడివాళ్లు మాత్రం ఆపించామంటారు. ఏదైతేనేం, వైరు చివర నాలుకతో తాకి అందులో ఎంత కరెంటుందో చెప్పగలను. ఇది కూడా నమ్మకపోతే మీ ఇష్టం, ఇంటికి వెళ్లి ప్రయత్నించకండి.

వదిన పొట్టి మనిషి. డ్రైవరు సీట్లో మామూలుగా కూర్చుంటే స్టీరింగు ఒక్కటే కనబడుతుంది, రోడ్డు కనబడదు. అందుకని మా అన్నయ్య ఆమెకు ఒక మెత్త కుట్టి ఇచ్చాడు. మా అన్నయ్య దర్జీ. కోట్లకు మిగిలిన గుడ్డముక్కలన్నీ దట్టించి, నాలుగు వేళ్ల మందాన, నడుముకు ఆనేలా వంపు పెట్టి కుట్టాడు. పెళ్లయ్యాక పెళ్లానికి ఏం కుట్టావని ఎవరైనా అడిగితే సీటు కుట్టానని చెబుతాడు. డ్యూటీ దిగాక ఆమె ఆ మెత్త చంకలో పెట్టుకుని ఇంటికి వస్తుంది.

ఆ నిదానం పుట్టుకతో వచ్చింది కాదు. పాల ట్యాంకరు నేర్పింది. బస్సులోకి రాకముందు ఆమె తొమ్మిదేళ్లు పాల ట్యాంకరు నడిపింది. పక్కన కూర్చుని నేర్పినవాడు ఆమె మేనమామ. ఆయన లెక్కలో నిండు ట్యాంకరు మంచిది, ఖాళీ ట్యాంకరు మంచిది, సగం నిండిన ట్యాంకరే దొంగది. బ్రేకు వేస్తే లోపల పాలు ముందుకు పరిగెత్తి గోడను గుద్దుతాయి. బండి ఆగాక, ఆగింది కదా అని మనం ఊపిరి పీల్చుకుంటుంటే, వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి ఇంకో తోపు తోస్తాయి. మలుపులో అయితే పక్కగోడ ఎక్కి కూర్చుంటాయి, బండిని తమతో రమ్మంటాయి. అందుకే ఆయన మేనకోడలికి బ్రేకు కంటే ముందు కాలు తీయడం నేర్పాడు. మలుపు కనబడకముందే, అక్కడ మలుపుందని తెలిసిన చోటే కాలు తీసెయ్యాలి. ఆమె అది ఎంత బాగా నేర్చుకుందంటే, డెయిరీ దగ్గర మూత తెరిచేసరికి పాల మీద మీగడ కట్టి ఉండేదట. మేనమామ ఒట్టేసి చెప్పాడు. మా వదిన వైపు వాళ్లూ తక్కువవాళ్లేం కాదు.

ఇప్పుడు ఆమె వెనక పాలు లేవు, మనుషులున్నారు. యాభై మందీ సగం నిండిన ట్యాంకరే అంటుంది. నిలబడ్డవాళ్లు ముందుకు తూలుతారు, మళ్లీ వెనక్కి తూలుతారు. ఆమె బస్సులో మాత్రం కడుపులో చల్ల కదలదు. ముసలివాళ్లు ఆ బస్సు కోసం రెండు బస్సులు వదిలేసుకుని కూర్చుంటారు. పనికి ఆలస్యమైన కుర్రాళ్లు అదే బస్సెక్కి ఆమె వంశాన్నంతా తలుచుకుంటారు.

మాది పట్నం నుంచి ఫ్యాక్టరీల దాకా వెళ్లే దారి. నలభై ఎనిమిది కిలోమీటర్లు, పదకొండు స్టాపులు. డిపోలో టైమ్‌టేబులు బోర్డు మీద రాసింది ఒక గంట. వదినకు పట్టేది గంటా ఏడు నిమిషాలు. దారి మధ్యలో క్వారీ దిగుడు అని ఒకటుంది. రోడ్డు ఏటవాలుగా జారి, కొండరాయిని చుట్టుకుని ఒక్కసారి ఎడమకు తిరుగుతుంది. తిరిగిన వెంటనే క్వారీ కూలీల ఇళ్లు. ఆ ఇళ్లలో తలుపు తీసి అడుగేస్తే కాలు రోడ్డు మీదే పడుతుంది. అక్కడ మా వదిన బస్సు ముప్పై దాటదు. ఆ ఏడు నిమిషాల్లో సగం అక్కడే పోతాయి. ఫ్యాక్టరీ స్టాండులో కంట్రోలరు ఆమె ట్రిప్పు షీటు మీద ఎర్ర పెన్సిలుతో ఆలస్యం రాస్తూనే ఉండేవాడు. ఆమె చూసి సంతకం పెడుతూనే ఉండేది.

ఇలా ఉండగా డబ్బాలు వచ్చాయి.

ఆ మధ్య రోడ్డు ప్రమాదాలు పెరిగాయని పై ఆఫీసు ప్రతి బస్సుకూ ఒక హెచ్చరిక డబ్బా పంపింది. వాటితో పాటు ఒక సేఫ్టీ ఆఫీసరును కూడా పంపింది. రెండూ కొత్తవే, రెంటి మీదా ఇంకా ప్లాస్టిక్ కాగితం ఊడలేదు. డబ్బా అరచేతి వెడల్పుంటుంది, స్టీరింగు పక్కన బిగిస్తాం. గేరుపెట్టె నుంచి ఒక సన్న వైరు వచ్చి దానికి వేగం చెబుతుంది. అరవై దాటితే ఒకసారి టింగుమంటుంది. అరవై అయిదు దాటితే కాలు తీసేదాకా ఆపకుండా అరుస్తుంది, అరిచిన ప్రతిసారీ లోపల రాసుకుంటుంది. ముప్పై ఒక్క బస్సులకూ నేనే బిగించాను. సాయంత్రానికే డ్రైవర్లు దానికి అత్తగారు అని పేరు పెట్టేశారు.

మొదటి వారం నిజంగానే పనిచేసింది. ఉన్నమాట ఒప్పుకోవాలి. రాకెట్టంతటివాడు టింగుమనగానే ఉలిక్కిపడి కాలు తీసేవాడు. జనం ముందు ఆ అరుపు వాళ్లకు నామర్దా. ఒక పెద్దావిడ రాకెట్టు భుజం తట్టి, బాబూ అది నిన్నే అంటోంది అని చెప్పిందట. కానీ రెండో వారానికి రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, అందరూ డబ్బా అరిచేదాకా తొక్కడం నేర్చుకున్నారు. టింగుమనే గీతకు వెంట్రుకవాసి ఇవతల పెట్టి కాలు అక్కడే అతికించేసేవారు, యాభై తొమ్మిది. సాఫీ రోడ్డు మీద అది మంచిదే. క్వారీ దిగుడు దగ్గర కూడా యాభై తొమ్మిదే. డబ్బా రాకముందు అక్కడ రాకెట్టు కూడా భయపడి నలభైకి దింపేవాడు. ఇప్పుడు భయపడే పని డబ్బాకు అప్పగించేశాడు. ఒకరోజు ఆ మలుపులో అతని వెనక చక్రం రోడ్డు దిగి కంకరలోకి జారింది. బస్సు ఒక ఇంటి అరుగు దాకా వెళ్లి ఆగింది. అరుగు మీద ఆరేసిన చీర అద్దానికి చుట్టుకుంది, అదృష్టం కొద్దీ చీరలో ఎవరూ లేరు. ఏమైందని మేనేజరు అడిగితే రాకెట్టు డబ్బావైపు వేలు చూపించి, అది ఏమీ అనలేదండీ అన్నాడు. అతను అబద్ధమాడలేదు. అది నిజంగానే ఏమీ అనలేదు.

రెండోది, అరవై దాటకుండా ఎవరూ గంటలో చేరలేకపోయారు. డబ్బాలైతే వచ్చాయిగానీ టైమ్‌టేబులు మారలేదు. కంట్రోలరు ఎర్ర పెన్సిలు అందరి షీట్ల మీదా పరిగెత్తింది. అప్పుడు అందరూ కలిసి నా దగ్గరికి వచ్చారు.

నేను గొప్పవాణ్ననే వచ్చారు, కాదనను. పరిష్కారం చెప్పడానికి నాకు ఒక టీ తాగేంత సేపు పట్టింది. గేరుపెట్టె నుంచి వచ్చే సన్న వైరు మధ్యలో జంట పిన్ను ఉంటుంది. ఊరు దాటగానే అది లాగేస్తే డబ్బాకు బస్సు నిలబడి ఉన్నట్టే. ఫ్యాక్టరీలు కనబడగానే మళ్లీ గుచ్చేస్తే సరి. అయితే ఒక్క అరుపూ లేకపోతే అనుమానం వస్తుందని, నెలకు పదో పన్నెండో అరుపులు ఉండనివ్వమన్నాను, కూరలో ఉప్పులాగా. ఆ పదో పన్నెండో అన్న మాట నా తెలివికి పరాకాష్ఠ. ముప్పై మంది డ్రైవర్లు చెప్పింది చెప్పినట్టు పాటించారు. ముప్పై ఒకటో డ్రైవరుకు ఆ సంగతే తెలియదు. ఆమెకు చెప్పాల్సిన అవసరమేముంది, ఆమె డబ్బా గొంతు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ విననే లేదు.

నెలాఖరుకు సేఫ్టీ ఆఫీసరు డబ్బాల్లో రాసుకున్నదంతా దించి, మేనేజరు గదిలో గోడకు ఒక పెద్ద కాగితం అంటించాడు. బస్సుకో గీత, ఎన్నిసార్లు అరిచిందో అంత ఎత్తు. పది, పన్నెండు, పదకొండు, పన్నెండు. ముప్పై గీతలు బడిపిల్లల వరసలా నిలబడ్డాయి. పదిహేడో నంబరు దగ్గర ఖాళీ.

పదిహేడో నంబరు మా వదినది.

ఆ కుర్ర ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఎంత ఒద్దికైన డ్రైవరైనా నెలకు పదిసార్లయినా దాటుతాడని ఆ గోడే చెబుతోంది కదా అనుకున్నాడు. ఒక్కసారి కూడా దాటని డ్రైవరు ఉండడు, కాబట్టి పదిహేడో డబ్బాను ఎవరో పాడుచేశారు. లెక్క తప్పలేదు. ఆ లెక్క నేను నేర్పిందే.

వదినను పిలిచారు. డబ్బా బిగించినవాణ్ని కనుక నన్నూ పిలిచారు. బల్ల మీద ఒక కాగితం. పరికరాన్ని పనిచేయకుండా చేశాను, ఇకమీదట చేయను అని దాని మీద టైపు చేసి ఉంది. సంతకం పెడితే పదిహేను రోజులు యార్డు డ్యూటీ, ఆ తరవాత మళ్లీ స్టీరింగు. పెట్టకపోతే స్టీరింగు నుంచి శాశ్వతంగా తీసేసి టికెట్ల కౌంటరులో కూర్చోబెడతారు. మేనేజరు గారు రిటైరు కావడానికి ఏడాది ఉంది, ఆయనకు గొడవలంటే గిట్టదు. పెట్టేయమ్మా, పదిహేను రోజులు ఇట్టే గడిచిపోతాయి అని బతిమాలాడు.

వదిన కాగితం మొత్తం చదివింది. రెండోసారి చదివింది. తిరిగి బల్ల మీద పెట్టి ఆఫీసరు వైపు తోసింది.

"నేను చెయ్యని పని ఇకమీదట చెయ్యనని ఎలా రాయను సార్?"

ఆఫీసరు ఒక ఉపాయం చెప్పాడు. బైపాసు రోడ్డు పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. బస్సు తీసుకెళ్లి ఒక్కసారి అరవై అయిదు దాటించండి. డబ్బా మోగితే అది బాగానే ఉన్నట్టు, మీరు చెప్పింది నిజమైనట్టు, నేనే క్షమాపణ చెబుతాను అన్నాడు. రెండు నిమిషాల పని. నాకు ప్రాణం లేచి వచ్చింది. మేనేజరు గారు అప్పుడే లేచి టోపీ అందుకున్నాడు.

"తొక్కను," అంది వదిన.

ఎందుకని అడిగాడు ఆఫీసరు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"ఇన్నేళ్లూ తొక్కలేదని చెప్పడానికి ఇవాళ తొక్కాలా? అలాంటి సాక్ష్యం నాకొద్దు సార్. డబ్బా బాగుందో లేదో చూసుకోవడం మీ పని. బస్సు నడపడం నా పని."

రెండు రోజులు గడువిచ్చారు.

ఇంట్లో అన్నయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు చేతులు ఎక్కిస్తున్నాడు. నోట్లో గుండుసూదులు. నేను వదిన చుట్టూ తిరిగి గంటసేపు ప్రాధేయపడ్డాను. ఒక్కసారి తొక్కు వదినా, నేను పక్కన కూర్చుంటాను, కావాలంటే నీ కాలు మీద నా కాలు పెడతాను, తొక్కిన పాపం నాకే అన్నాను. ఆమె మెత్త ఎండలో దులిపి తెచ్చుకుని దానికి ఊడిన దారం చూసుకుంటోంది. కౌంటరులో కూర్చుంటే ఈ మెత్తతో పనుండదు కదా అని మాత్రం అంది. ఆమె కళ్లలో తడి చూడటం నాకు అదే మొదటిసారి. ట్యాంకరు దగ్గర నుంచి మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. స్టీరింగు లేకపోతే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు.

అక్కడ నా నోరు ఆగలేదు. ఆగితే అది నా నోరెందుకవుతుంది. డబ్బా కిలోమీటర్లు కూడా రాసుకుంటుంది వదినా, ఆ గడి ఎవరూ తెరిచి చూడలేదు అనేశాను. వైరు లాగిన బస్సుకు డబ్బాలో దూరం కూడా పడదు. నీ డబ్బాలో నెలంతా తిరిగిన ప్రతి కిలోమీటరూ ఉంటుంది, మిగతావాటిలో సగం కూడా ఉండదు. నీది పనిచేస్తోందని చెప్పడానికి ఆ ఒక్క గడి చాలు.

అన్నయ్య మిషను ఆపాడు. వదిన తలెత్తింది.

"మిగతావాటిలో సగం ఎందుకుండదు మరిదీ?"

అంతా చెప్పాను, ఉప్పు సంగతితో సహా. అన్నయ్య నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, చెయ్యి ఖాళీ చేసుకున్నాడు. తమ్ముణ్ని కొట్టడానికే అనుకుంటా. వదిన ఆపింది. ఆమెకు నవ్వొస్తోంది.

"అంటే ఊరందరూ కొలిచి దొంగతనం చేస్తే, చెయ్యని దాన్ని నేను దొరికానన్నమాట. ఎవడిదా తెలివి అనుకున్నా, మన ఇంట్లోదేనా."

ఆ గడి తెరవమంటే ముప్పై మందీ బయటపడతారు, వాళ్లతో నేనూ పడతానని చెప్పాను. తెలుసంది. మరి అడుగుతావా అన్నాను. అడుగుతాను, కానీ చాటుగా అడగను అంది.

మరునాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ డ్రైవర్ల విశ్రాంతి గది నిండుగా ఉంటుంది. బల్లల మీద పడుకున్నవాళ్లు, బూట్లు విప్పి కాళ్లు కడుక్కుంటున్నవాళ్లు, పేకలు పంచుతున్న రాకెట్టు. వదిన గుమ్మంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రేపు ఆఫీసరును కిలోమీటర్ల లెక్క అడుగుతున్నానంది. అడిగితే మీ అందరి వైర్ల సంగతీ తేలుతుంది, వెనక నుంచి చెప్పాననుకోవద్దని ముందే వచ్చి చెబుతున్నానంది. గదిలో పేకముక్క కింద పడినా వినబడేంత నిశ్శబ్దం. పడింది కూడా.

రాకెట్టు లేచాడు. "అక్కా, నీ నడక జోలికి మేమెప్పుడైనా వచ్చామా? నిదానంగా పోతావు, పో. ఆ పదిహేను రోజులు యార్డులో కూర్చో. నీ ఒక్కదాని కోసం ముప్పై కుటుంబాల మెడకు ఉరి బిగిస్తావా?"

"బిగించింది నేను కాదురా. గంటలో చేరమనే బోర్డు బిగించింది. నాతో వచ్చి ఆ ముక్క నువ్వు చెప్పు. ముప్పై ఒక్కమందిమి చెబితే ఎవర్ని తీస్తారు? బస్సులు ఎవరు నడుపుతారు, ఆఫీసరు నడుపుతాడా?"

"వాళ్లు తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తారు. అరుగు మీద ఆ చీర ఆరేసుకున్నావిడ ఇంటికి వెళ్లి నువ్వు ఇంతవరకూ మొహం చూపించావా? ముందు దానికి భయపడు."

రాకెట్టు కూర్చుండిపోయాడు. కానీ ఎవరూ వస్తామనలేదు. కొందరు ఆమెను తిట్టారు, కొందరు నన్ను తిట్టారు, నన్ను తిట్టినవాళ్లు ఎక్కువ సేపు తిట్టారు. ఆమె మెత్త చంకలో పెట్టుకుని తన ట్రిప్పుకు వెళ్లిపోయింది. ఆ రోజు కూడా ఏడు నిమిషాల ఆలస్యం.

గడువు రోజున మేనేజరు గదిలోకి ఆమె ఒక్కతే వెళ్లింది. నేనూ పక్కనే ఉన్నాను గానీ నన్ను లెక్కలో వేయకండి. ఆఫీసరు బల్ల మీద కాగితం, కాగితం మీద కలం సిద్ధంగా పెట్టాడు. వదిన కలం పక్కకు జరిపి, డబ్బాలో దూరం గడి తెరవండి సార్ అంది. అతను తెరిచాడు. పదిహేడో నంబరు, నాలుగు వేల తొమ్మిది వందల తొంభై రెండు. ఆమె ట్రిప్పు షీట్లు అన్నీ కలిపినా అంతే. ఒక్క కిలోమీటరు అటూ ఇటూ లేదు.

అతను కాసేపు ఆ అంకె చూశాడు. తరవాత తనంతట తానే కింది గడికి దిగాడు. రాకెట్టు బస్సు, రెండు వేల మూడు వందలు. దాని కింద ఇంకొకటి, పంతొమ్మిది వందలు. దిగేకొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి. డబ్బాల ప్రకారం మా డిపోలో ముప్పై బస్సులు సగం నెల రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాయి. ప్రయాణికులు మాత్రం ఫ్యాక్టరీలకు చేరారు.

ఇది ఎవరి పని అని అడిగాడు. అప్పుడు నేను లేచి, రొమ్ము విరుచుకుని, నాదే సార్ అన్నానని రాయాలని ఉంది. నాలుగుసార్లు అలా రాసి చింపేశాను కూడా. జరిగిందేమిటంటే పైన తిరిగే ఫ్యాను వైండింగు గురించి నేను చాలా లోతుగా ఆలోచించాను.

"ఎవరి పేరూ నేను చెప్పను," అంది వదిన. "వాళ్లకు నేర్పింది మీ బోర్డు. నలభై ఎనిమిది కిలోమీటర్లు, పదకొండు స్టాపులు, గంట. అరవై దాటొద్దని మీ డబ్బా అంటుంది, దాటకపోతే ఎర్ర పెన్సిలుంటుంది. రెండూ మీరే పెట్టారు. ముందు మీలో మీరు తేల్చుకోండి."

మేనేజరు గారు పరిస్థితి చూశాడు. ముప్పై మందిని తీసేస్తే రేపు పొద్దున డిపోలోంచి ఒక్క బస్సు కదులుతుంది, అదీ ఏడు నిమిషాలు ఆలస్యంగా. ఏదో మిషను పొరపాటు జరిగిందనుకుందాం, ఇక్కడితో వదిలేద్దాం, నువ్వు వెళ్లి డ్యూటీ చూసుకోమ్మా అన్నాడు. ఇంకొకరైతే దణ్ణం పెట్టి బయటపడేవారు. వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. మిషను పొరపాటు కాదు, మిషను బాగానే ఉంది, అది బాగానే ఉందని రాసి ఇవ్వండి అంది. మీరు అంటించిన గీతల పక్కనే అంటించండి అంది. రాసేదాకా లేవలేదు. ఆమె పదకొండు గంటల ట్రిప్పు ప్రయాణికులు స్టాండులో నిలబడి ఉన్నారు. ఆలస్యం ఎవరి పేరున రాసుకుంటారో కూడా మీరే తేల్చుకోండి అంది.

ఆఫీసరే రాశాడు. పదిహేడో బస్సులో పరికరం పనిచేస్తోంది, డ్రైవరు వేగం దాటలేదు, ఆరోపణ తప్పు. తప్పు అన్న మాట ఆమె అడిగి రాయించుకుంది. అతను కాగితం అంటించి, మీ బస్సులో నేనూ వస్తానన్నాడు.

ఆ ట్రిప్పులో ఆమె వెనక సీట్లో గడియారం పట్టుకుని కూర్చున్నాడు. నేను మెట్టు మీద నిలబడ్డాను. క్వారీ దిగుడు ఇంకా కనబడకముందే ఆమె కాలు తీసింది. బస్సు నలభై, ముప్పై అయిదు, ముప్పై. ఆఫీసరు ఆగలేక అడిగాడు, ఇక్కడ అరవై దాకా వెళ్లొచ్చు కదా, డబ్బా కూడా ఏమీ అనదు కదా అని.

"డబ్బాకు ఈ ఇళ్లు తెలియవు సార్," అంది, రోడ్డు మీద నుంచి కన్ను తిప్పకుండా.

బస్సు కొండరాయి తిరిగింది. ఒక ఇంటి తలుపు తెరుచుకుని, చేతిలో బిందెతో ఒకావిడ రోడ్డు మీదికి అడుగేసింది. వదిన హారను కూడా కొట్టలేదు. ఆవిడ దాటేదాకా ఆగి, దాటాక కదిలింది. ఎవరూ ముందుకు తూలలేదు. ఆఫీసరు గడియారం జేబులో పెట్టేసుకున్నాడు.

తరవాతి వారం ముప్పై ఒక్క బస్సుల జంట పిన్నులకూ సీసపు సీళ్లు పడ్డాయి. వేసింది నేనే. శిక్షా అదే, సన్మానమూ అదే. నేను వేసిన సీలు విప్పగలిగినవాడు ఈ డిపోలో ఒక్కడే ఉన్నాడని మేనేజరు గారికి ఎవరూ చెప్పకుండానే తెలుసు, అందుకే నా పక్కన ఇద్దర్ని నిలబెట్టాడు. సీళ్లు పడ్డ మరునాడే ముప్పై ఒక్క బస్సులూ ఆలస్యం. మొదటి రోజు కంట్రోలరు ఒక పెన్సిలు అరగదీశాడు, నాలుగో రోజుకు చెయ్యి నొప్పని సెలవు పెట్టాడు. ఇరవై రోజులు ఇదే తంతు. అప్పుడు ఆఫీసరు పై ఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. టైమ్‌టేబుల్లో గంట ఉన్నచోట గంటా అయిదు నిమిషాలు చేశారు. దిగుడు దగ్గర డబ్బా ముప్పైకే మోగేలా చేయమని కూడా అతను అడిగాడు. అది ఈ పరికరంలో వీలుకాదని వచ్చింది.

అయిదు నిమిషాలు ఇచ్చారని డిపోలో సంబరపడ్డారు. రాకెట్టు ఆమెకు టీ కూడా పంపాడు. ఎదురుగా వచ్చి మాట్లాడేంత మాత్రం కాలేదు. నత్తక్క అని ఇంకా పిలుస్తాడు, గొంతు కాస్త తగ్గించి.

కొత్త టైమ్‌టేబులు అమల్లోకి వచ్చిన రోజు వదిన బస్సు ఫ్యాక్టరీ స్టాండుకు గంటా ఏడు నిమిషాలకు చేరింది. కంట్రోలరు షీటు అందుకున్నాడు. అతనికి బాధగానే ఉంది. అందరూ టయానికి వచ్చేశారమ్మా, రెండు నిమిషాలే కదా, ఆ దిగుడు దగ్గర కాస్త వదిలితే నీ షీటు కూడా తెల్లగా ఉంటుంది, ఇన్నేళ్లలో ఒక్కరోజైనా చూద్దామనుకున్నాను అన్నాడు.

వదిన సీటు మీది మెత్త సర్దుకుని, తిరుగు ట్రిప్పుకు ఇంజను ఆన్ చేసింది.

"ఆ రెండు నిమిషాలూ నావండీ. రాసుకోండి."